గుడ్డులో పదివేలవ వంతు

భిలాయిలో ఏ సెక్టారు బడికైనా మధ్యాహ్నం గంట కొట్టే వేళకు వెళ్ళి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో ఉక్కు పనికి వచ్చి స్థిరపడిన ఇంటి పిల్లవాడి డబ్బాలో పులిహోర ఉంటుంది. పక్కనే ఛత్తీస్‌గఢీ పిల్ల తెచ్చిన బియ్యప్పిండి చీలా, శనగపిండితో చేసిన ఠేఠరీ. ఒక డబ్బాలో గుడ్డు కూర, మరొకదాంట్లో పల్లీ చిక్కీ. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన ఈ ఊరికి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. వాళ్ళ వంటలు కూడా వెంట వచ్చాయి. పిల్లలు వాటిని చేతులు మార్చుకుంటూ తింటారు.

ఆ గుంపులో కూర్చుని కూడా ఎవరి డబ్బాలోనూ చెయ్యి పెట్టని పిల్లవాడు ఒకడు ఉంటాడు. అడిగితే 'నాకు గుడ్డు పడదు, పాలు పడవు, పల్లీలు పడవు' అంటాడు. ఎప్పటినుంచి అంటే, చిన్నప్పటినుంచి. రెండేళ్ళ వయసులో ఒకసారి ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి, ఆనాడు మానిపించారు. ఇప్పుడతనికి పన్నెండేళ్ళు. మధ్యలో ఎవరైనా పరీక్షించి చూశారా అంటే, లేదు.

'పడదు' అన్నది మన భాషలో భలే మాట. వంకాయ తింటే దురద పుడితే పడదంటాం. పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తే పడదంటాం. ఇష్టం లేకపోయినా అదే అంటాం. వైద్యశాస్త్రానికి ఇవి వేరు వేరు సంగతులు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైము తక్కువైతే కడుపు ఉబ్బరిస్తుంది. అది ఎలర్జీ కాదు, ప్రాణాపాయమూ కాదు. ఎలర్జీ అంటే మన రక్షణ వ్యవస్థే ఆహారంలోని ఒక ప్రొటీనును శత్రువుగా పొరబడి తిరగబడడం. ఒకసారి అలా పొరబడిన వ్యవస్థకు మళ్ళీ నచ్చచెప్పవచ్చా? మానేసిన తిండిని పిల్లవాడి కంచంలోకి తిరిగి తీసుకురావచ్చా? వైద్యులు ఈ ప్రశ్న వేసుకుని నూరేళ్ళు దాటింది. దారిలో వాళ్ళు ఒక తప్పుదోవ కూడా పట్టారు.

రెండో మోతాదు

1901లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ తన ఓడ మీద ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్తియేలను సముద్రయానానికి తీసుకువెళ్ళాడు. జెల్లీచేపలా కనిపించే ఫైసాలియా అనే సముద్రజీవి విషాన్ని పరిశీలించడం వాళ్ళ పని. తీరానికి తిరిగివచ్చాక ఆ పనిని సీ-ఎనిమోన్ విషంతో కొనసాగించారు. కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తే కుక్కలకు దాన్ని తట్టుకునే శక్తి వస్తుందని వాళ్ళ ఆశ. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. నెప్ట్యూన్ అనే కుక్క మొదటి మోతాదును హాయిగా తట్టుకుంది. కొన్ని వారాల తర్వాత మళ్ళీ చిన్న మోతాదు ఇస్తే నిమిషాల్లో ఊపిరి ఆడక కూలిపోయి చనిపోయింది. రక్షణ బదులు రక్షణకు వ్యతిరేకమైనది కలిగింది కనుక రిషే దానికి 'అనాఫిలాక్సిస్' అని పేరు పెట్టాడు. ఈ పరిశోధనకు 1913లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది.

1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 'ఎలర్జీ' అనే మాటను పుట్టించాడు. డిఫ్తీరియాకు ఆ రోజుల్లో గుర్రపు సీరం ఎక్కించేవారు. కొందరు పిల్లలకు దానివల్ల జ్వరం, దద్దుర్లు వచ్చేవి. రెండోసారి ఎక్కిస్తే అవి మరింత త్వరగా, మరింత తీవ్రంగా వచ్చేవి. ఒక పదార్థంతో పరిచయం అయ్యాక శరీరం దానికి స్పందించే తీరు మారిపోతుంది. అది మేలుకు మారినా కీడుకు మారినా పిర్కే దృష్టిలో ఎలర్జీయే. ఈనాడు మనం వాడే అర్థం ఆయన ఉద్దేశించినదానికంటే ఇరుకైనది.

ఇక్కడ భిలాయి పాఠకులకు ఒక చిన్న ముచ్చట. ఈ ఊరికి ఇంజనీర్లను పంపిన దేశంలో వైద్యులు సీరం ఎక్కించేటప్పుడు 'బెజ్రెద్కా పద్ధతి' పాటించేవారు. ముందు అతి కొద్దిగా ఇచ్చి, కాసేపు ఆగి, మరికాస్త ఇచ్చి, చివరకు పూర్తి మోతాదు ఇవ్వడమే ఆ పద్ధతి. ఒడెస్సాలో పుట్టి పారిస్ పాశ్చర్ సంస్థలో మెచ్నికోవ్ దగ్గర పనిచేసిన అలెగ్జాండర్ బెజ్రెద్కా దానికి ఆద్యుడు. గుర్రపు సీరం పడని స్థితికి వచ్చిన గినీపందులకు మొదట చిటికెడంత మోతాదు ఇస్తే, ఆ తర్వాత ఇచ్చిన పెద్ద మోతాదుకు అవి చనిపోవని 1907 ప్రాంతంలో ఆయన చూపించాడు. రిషే ప్రయోగంలో కుక్కను చంపిన రెండో మోతాదునే ఇంకా చిన్న ముక్కలు చేసి ఇస్తే ప్రాణం నిలుస్తుందన్నమాట.

డాక్టర్ స్కోఫీల్డ్ మాత్రలు

మరుసటి ఏడాదే, 1908లో, 'లాన్సెట్' వైద్యపత్రికలో ఆల్ఫ్రెడ్ స్కోఫీల్డ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. దాని శీర్షికకు తెలుగు చేస్తే 'గుడ్డు విషమించిన ఒక కేసు'. పదమూడేళ్ళ కుర్రవాడికి గుడ్డు తగిలితే చాలు, ఒంటిమీద దద్దుర్లు, వాపు, ఆయాసం. గుడ్డు తినకుండా ఉంటే సరిపోతుంది కదా అని మనం అనుకోవచ్చు. కానీ ఇంగ్లీషువాళ్ళ కేకులో గుడ్డు ఉంటుంది, బన్నులో గుడ్డు ఉంటుంది, పుడ్డింగులో గుడ్డు ఉంటుంది. ఆ పిల్లవాడికి తినడమే ఒక గండం.

స్కోఫీల్డ్ అతనికి మాత్రలు చేయించి ఇచ్చాడు. మొదటి మాత్రలో ఉన్నది పచ్చిగుడ్డులో పదివేలవ వంతు. ఆ లెక్క కొంచెం చూద్దాం. గుడ్డు సుమారు 50 గ్రాములు అనుకుంటే పదివేలవ వంతు 5 మిల్లీగ్రాములు. బియ్యపుగింజ బరువులో దాదాపు నాలుగోవంతు. చెంచాతో, కత్తితో అంత తక్కువ తీయలేరు. ఒక వంతు గుడ్డును తొమ్మిది వంతుల పొడిలో బాగా కలిపి, అందులో ఒక వంతు తీసి మళ్ళీ తొమ్మిది వంతుల్లో కలిపి, ఇలా నాలుగుసార్లు చేస్తే ఆ పాలు వస్తుంది. ఈ వర్ణన చదివి హోమియోపతి గుర్తుకు వచ్చేవారు ఉండవచ్చు. కాని ఇక్కడ దారి ఎదురుగా నడుస్తుంది. మోతాదును పలుచన చేస్తూ పోవడం కాదు, రోజులు గడిచేకొద్దీ పెంచుతూ పోవడం. నెలల తరబడి అలా పెంచాక, ఆ కుర్రవాడు గుడ్డు తిని ఏ బాధా లేకుండా తిరగగలిగాడు.

నాకు ఈ వ్యాసంలో బాగా నచ్చేది దాని కాలం. అప్పటికి ఎలర్జీ అనే మాట పుట్టి రెండేళ్ళే. ఒంట్లో ఏ పదార్థం వల్ల ఈ తిరుగుబాటు జరుగుతోందో తెలియదు. అది తెలియడానికి ఇంకా దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. అయినా ఒక వైద్యుడు ఓపికగా మాత్రలు లెక్కపెట్టి దారి కనుక్కున్నాడు. అయితే అది ఒక్క పిల్లవాడి కథ. పోల్చి చూడడానికి రెండో పిల్లవాడు లేడు. ఏ మందూ లేకుండా వయసుతో పాటే ఆ ఎలర్జీ తగ్గిపోయేదేమో అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

ఆ తర్వాతివి కొన్ని వేగంగా చెప్పుకుందాం. 1911లో అమెరికాలో వెల్స్, ఆస్‌బర్న్ అనే శాస్త్రవేత్తలు మొక్కజొన్న తిని పెరిగిన గినీపందులకు మొక్కజొన్న ప్రొటీనుతో అనాఫిలాక్సిస్ తెప్పించడం సాధ్యం కాలేదని గమనించారు. ఇంజక్షనుగా వెళితే శత్రువు, నోటిద్వారా వెళితే నేస్తం. ఈ చిన్న పరిశీలనను నూరేళ్ళ తర్వాత మళ్ళీ బయటికి తీయవలసి వచ్చింది. 1912లో న్యూయార్క్ వైద్యుడు ఆస్కార్ ష్లాస్ గుడ్డు, బాదం, ఓట్లు పడని ఒక బాలుడి చర్మం మీద గీరి ఆయా ఆహారాల సారాన్ని రాసి పరీక్షించాడు. 1921లో జర్మనీలో కార్ల్ ప్రౌస్నిట్జ్, చేప పడని తన సహచరుడు హైంజ్ క్యూస్ట్నర్ రక్తంలోని సీరాన్ని తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అక్కడే చేప సారం ఎక్కిస్తే దద్దురు లేచింది. అంటే ఎలర్జీని మోసే వస్తువు రక్తంలో ఉంది. 1966-67 మధ్య అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్‌లు దాన్ని విడివిడిగా పట్టుకున్నారు. ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ, పొట్టిగా ఐజి-ఇ అనే ప్రతిరక్షకం అది. అది మాస్ట్ కణాల మీద అతుక్కుని కాచుకుని ఉంటుంది. పడని ప్రొటీను తగలగానే ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను కుమ్మరిస్తాయి. దద్దుర్లు, వాపు, వాంతి, ఆయాసం, రక్తపోటు పడిపోవడం అన్నీ ఆ కుమ్మరింపు ఫలితమే.

లంఖణం సరే, పథ్యం మాటేమిటి?

జ్వరం వస్తే మన పెద్దలు లంఖణం పెట్టేవారు. జ్వరం దిగాక ఒక రోజు చూసుకుని పథ్యం పెట్టేవారు. మొదట జావ, తర్వాత మెత్తని అన్నంలో చారు, ఆపైన బీరకాయ కూర, చిట్టచివరికి పప్పు. ఆ వరుస శాస్త్రీయమా కాదా అన్నది పక్కన పెడదాం. ఆపడానికి ఒక రోజు ఉన్నట్టే తిరిగి మొదలుపెట్టడానికీ ఒక రోజు, ఒక క్రమం ఉండేవి.

ఎలర్జీ వైద్యం చాలాకాలం లంఖణం దగ్గరే ఆగిపోయింది. 1920ల చివర కాలిఫోర్నియా వైద్యుడు ఆల్బర్ట్ రో, అనుమానమున్న ఆహారాలను తీసివేసి చూసే భోజన పద్ధతులను ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పద్ధతికి రెండు భాగాలున్నాయి. తీసివేస్తే లక్షణాలు తగ్గాలి, తిరిగి ఒక్కొక్కటే చేరిస్తే దోషి ఎవరో బయటపడాలి. మొదటి భాగం తేలిక, భయం లేదు. రెండోదానికి ధైర్యం, సమయం, డాక్టరు దగ్గరుండడం కావాలి. కాబట్టి ఇళ్ళలో మొదటిది జరిగి రెండోది జరగకుండా మిగిలిపోయేది. ఈనాటికీ అంతే.

దీన్ని సరిదిద్దే పరీక్ష 1976లో స్థిరపడింది. అమెరికాలోని డెన్వర్‌లో చార్లెస్ మే అనే వైద్యుడు అనుమానపు ఆహారాన్ని మరుగుపరిచి పిల్లలకు ఇచ్చాడు. ఏ మాత్రలో అసలు ఆహారం ఉందో, ఏది ఉత్తదో పిల్లవాడికీ, పరిశీలించే వ్యక్తికీ తెలియదు. భయంతో వచ్చే దురదను నిజమైన దురద నుంచి విడదీయడానికి ఇంతకంటే నమ్మకమైన మార్గం నేటికీ లేదు. అదే డెన్వర్‌లో ఆలన్ బాక్ 480 మంది శిశువులను పుట్టుక నుంచి మూడేళ్ళ దాకా గమనించి 1987లో ఫలితాలు ప్రకటించాడు. వారిలో 28 శాతం మందికి ఏదో ఒక ఆహారం పడదని అనుమానం కలిగింది. తిరిగి తినిపించి చూస్తే అది నిజమని తేలింది 8 శాతం మందికే. వారిలోనూ చాలామంది మూడో పుట్టినరోజు నాటికి ఆ ఆహారాన్ని తినగలిగారు.

మనదేశపు లెక్క ఇంకా ఆశ్చర్యకరం. కర్ణాటకలో వయోజనుల మీద జరిపి పి.ఎ. మహేశ్, ఆయన సహచరులు 2016లో ప్రకటించిన అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి వ్యతిరేకంగా ఐజి-ఇ ఉంది. తింటే నిజంగా బాధ కలిగే అవకాశమున్నవారు 1.2 శాతం. రక్తపరీక్ష కాగితంలో ఎర్ర అక్షరాలు చూసి ఇరవై రకాల తిండి మానిపించే తల్లిదండ్రులు ఈ రెండు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పెరిగే వయసులో పాలు, గుడ్లు, పప్పులు మూడూ లేని కంచం పిల్లవాడి ఎత్తునూ బరువునూ దెబ్బతీస్తుంది. అలాగని ఎలర్జీ మనకు లేదనీ అనుకోకూడదు. శనగలు కూడా ముఖ్యమైన ఎలర్జీ కారకమేనని ముంబయి వైద్యులు నిఫాడ్కర్ బృందం 2001లో మరుగుపరిచిన తిండి పరీక్షతోనే నిరూపించింది. పాశ్చాత్యుల జాబితాల్లో వేరుశనగ పైన ఉంటుంది. బజ్జీలూ ఠేఠరీలూ తినే దేశం తన జాబితా తానే రాసుకోవాలి.

తప్పిన దోవ

2000లో అమెరికా శిశువైద్యుల సంఘం ఒక సలహా ఇచ్చింది. ఎలర్జీ వచ్చే అవకాశమున్న కుటుంబాల పిల్లలకు ఏడాది దాకా పాలపదార్థాలు, రెండేళ్ళ దాకా గుడ్డు, మూడేళ్ళ దాకా వేరుశనగ, చేప పెట్టవద్దని. వినడానికి సబబుగానే ఉంది. కాని వేరుశనగ ఎలర్జీ తగ్గకపోగా పెరిగింది. 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది గిడియన్ లాక్ బృందం బ్రిటన్‌లోని యూదు పిల్లలనూ ఇజ్రాయెల్ పిల్లలనూ పోల్చింది. వేరుశనగ ఎలర్జీ బ్రిటన్‌లో 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం. ఇజ్రాయెల్‌లో తల్లులు పాలు మాన్పించే వయసు నుంచే పిల్లల చేతికి 'బంబా' అనే వేరుశనగ చిరుతిండి ఇస్తారు. 2015లో అదే బృందం 640 మంది శిశువులతో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. నాలుగు నుంచి పదకొండు నెలల వయసులో వేరుశనగ తినడం మొదలుపెట్టినవారిలో ఐదేళ్ళకు ఎలర్జీ 3.2 శాతం, మానినవారిలో 17.2 శాతం. గినీపందుల మొక్కజొన్న కథ ఇలా తిరిగి వచ్చింది.

లాక్ మరో మాట కూడా చెప్పాడు. నోటిలోకి వెళ్ళకముందే పగిలిన చర్మం గుండా లోపలికి వెళ్ళిన ప్రొటీను ఎలర్జీని పుట్టిస్తుందని. ఆయన బృందం 2003లో ప్రకటించిన పరిశీలనలో, శిశువుల చర్మానికి రాసే వేరుశనగ నూనె లేపనాలకూ ఎలర్జీకీ సంబంధం కనిపించింది. పసివాళ్ళకు నలుగు పెట్టే ఇళ్ళలో ఇది ఆలోచించవలసిన సంగతి. ఒళ్ళు బాగున్న బిడ్డ మాట వేరు. ఎగ్జిమాతో చర్మం చిట్లిన బిడ్డకు శనగపిండి, పెసరపిండి రుద్దడం మంచిది కాదని నా అభిప్రాయం. అన్నప్రాశన మాత్రం ఆరోనెలలోనే చేసెయ్యవచ్చు.

పొయ్యి చేసే పని

ఉక్కును వేడిచేసి చల్లార్చే తీరు మారితే దాని గుణం మారుతుందని ఈ ఊరివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రొటీనుకూ అంతే. పొడవైన దారాన్ని ఉండ చుట్టినట్లుంటుంది దాని ఆకారం. వేడికి ఆ ఉండ విడిపోతే, దాని ఆకారాన్ని గుర్తుపెట్టుకున్న ఐజి-ఇ దాన్ని పోల్చుకోలేదు. గుడ్డులోని ఓవాల్బ్యుమిన్ ఇలా లొంగిపోతుంది. ఓవోమ్యూకాయిడ్ అనే మరో ప్రొటీను మొండిది, వేడికి అంతగా లొంగదు. 2008లో న్యూయార్క్‌లో వంద మంది పాల ఎలర్జీ పిల్లలను పరీక్షిస్తే, మామూలు పాలు పడనివారిలో దాదాపు ముప్పాతికవంతు మంది పాలు కలిపి ఓవెన్‌లో బాగా కాల్చిన మఫిన్లను హాయిగా తిన్నారు. ఈ ఆధారంతోనే ఐరోపాలో 'పాల నిచ్చెన' వచ్చింది. మొదటి మెట్టు బిస్కట్టు, పై మెట్టు పచ్చి పాలు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆ నిచ్చెన ఓవెన్ ఉన్న వంటింటి కోసం కట్టినది. గోధుమపిండిలో కలిపి 180 డిగ్రీల వేడిలో అరగంట కాల్చడం వేరు, గిన్నెలో పాలు కాచడం వేరు. కాచిన పాలే కదా అని ధైర్యం చేయకూడదు. ఆమ్లెట్టూ కేకు కాదు.

స్కోఫీల్డ్ మాత్రలకూ ఎట్టకేలకు పెద్ద పరీక్ష జరిగింది. 2012లో వెస్లీ బర్క్స్ బృందం 55 మంది గుడ్డు ఎలర్జీ పిల్లలను తీసుకుని, 40 మందికి రోజూ గుడ్డు పొడి పెంచుతూ ఇచ్చింది, తక్కినవారికి ఉత్త పొడి. 22 నెలలకు గుడ్డు పొందిన పిల్లల్లో 75 శాతం మంది గుడ్డును తట్టుకున్నారు. తర్వాత కొన్ని వారాలు మోతాదు ఆపేసి మళ్ళీ చూస్తే, తట్టుకున్నవారు 40 మందిలో 11 మందే. అంటే రోజూ తింటున్నంత కాలం నిలిచే ఓర్పు వేరు, శాశ్వతమైన స్నేహం వేరు. దారి మధ్యలో దద్దుర్లు, కడుపునొప్పి, అప్పుడప్పుడు అనాఫిలాక్సిస్ కూడా వస్తాయి. 2020లో అమెరికా ప్రభుత్వం వేరుశనగ పొడితో చేసిన మందునూ, 2024లో ఐజి-ఇని పట్టి ఆపే ఒమాలిజుమాబ్‌నూ ఆహార ఎలర్జీకి అనుమతించింది. ఏదీ ఇంట్లో సొంతంగా చేసుకునే వైద్యం కాదు.

పన్నెండేళ్ళ మన పిల్లవాడికి చేయవలసింది అంతకంటే సులభం. గుడ్డు, పాల ఎలర్జీలు చాలామందికి వయసుతో పోతాయి. వేరుశనగది సుమారు ఐదుగురిలో ఒకరికే పోతుంది. కాబట్టి ఒక్కొక్కటీ విడిగా చూడాలి. ఒంట్లో బాగున్న రోజున, ఉబ్బసం అదుపులో ఉండగా, ఎడ్రినలిన్ ఇంజక్షను అందుబాటులో ఉన్న ఆసుపత్రిలో, డాక్టరు కళ్ళెదుట మొదట ఆవగింజంత, పదిహేను ఇరవై నిమిషాలకు రెట్టింపు, అలా పూర్తి వడ్డన దాకా తినిపిస్తారు. ఆపైన కొన్ని గంటలు కూర్చోబెడతారు. లక్షణాలు కనిపిస్తే అక్కడే ఆపి, తీవ్రమైతే తొడ కండలో ఎడ్రినలిన్ ఇస్తారు. కొందరు పసివాళ్ళకు దద్దుర్లు లేకుండా రెండు మూడు గంటల తర్వాత వాంతులు మొదలయ్యే రకం ఉంది. దానికి చర్మపరీక్ష పనికిరాదు, కూర్చోబెట్టే సమయం ఇంకా పెరుగుతుంది.

పరీక్ష నెగ్గి ఇంటికి వెళ్ళినవారిలో కొందరు ఆ తిండిని మళ్ళీ ముట్టరు. పదేళ్ళు భయపడిన నాలుక ఒక్క మధ్యాహ్నంలో మారదు, తల్లి చెయ్యీ మారదు. డాక్టర్లు అందుకే వారానికి రెండు మూడుసార్లు పెట్టమని చీటీ మీద రాసి ఇస్తారు. సగం గుడ్డు పులిహోర పక్కన పెట్టి డబ్బా మూత వేసేటప్పుడు ఆ తల్లి ఇంకోసారి మూత తీసి చూస్తుంది.